కొసరుకొచ్చిన ఇనుప గుండు

మా మరదలి భర్త పడవ కొన్నాడు. మంథని దగ్గర గోదావరిలో దాన్ని తిప్పుతూ ఫోటో పంపితే, మా అత్త వాడకట్టంతా తిరిగి చూపించింది. నేను ఫ్రిజ్ కొనిచ్చినప్పుడు ఒక్కరికీ చూపించలేదు. ఫ్రిజ్ నీళ్ల మీద తేలదు కదా! కొన్నాళ్లు ఓర్చుకుని, నేనూ ఒకటి కొన్నాను. అతని పడవకంటే జానెడు పొడుగుది.

దాన్ని లాక్కెళ్లడానికి కరీంనగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో ట్రైలర్ చేయించాను. దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి. బెల్లం కొన్నా బంగారం కొన్నా కొసరు లేకుండా మెట్టు దిగను. బేరం తెగాక కూడా కదలకపోయేసరికి, వెల్డర్ విసిగి పాత సామాన్ల కుప్పలోంచి ఒక ఇనుప గుండు తీసిచ్చాడు. దాన్ని జీపు వెనక బిగిస్తే, ట్రైలర్ మూతి దాని మీద టోపీలా కూర్చుంటుంది. ఊరికే వచ్చిందని మురిసిపోయాను.

మంథనికి బయలుదేరే పొద్దున, మా ఆవిడ నాకు చెప్పకుండా మరదలి భర్తను పిలిపించింది. వస్తూనే ట్రైలర్ మూతి పట్టుకుని ఊపి చూశాడు.

“అన్నా, గుండు చిన్నగున్నది. టోపీ లొడలొడ అంటున్నది. జర వేరేది ఏపిద్దామా?”

“నాది నీ పడవకంటే పొడుగున్నదని బాధనా తమ్మీ?”

నవ్వాడు. ఆ నవ్వు చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

“ఇన్సూరెన్స్ చేపిచ్చినవా?”

“జీపుకున్నది. ట్రైలర్ ఏమన్న ఒక్కటే పోతదా? జీపు ఎనుకనే గదా వచ్చేది.”

“గట్ల నడవదన్నా. ట్రైలర్‌కు, పడవకు వేరే చేపియ్యాలె. రేపేమన్నయితే ఎవ్వడు రూపాయియ్యడు.”

తన కారు డిక్కీలోంచి రెండు గొలుసులు తెచ్చి, ట్రైలర్ మూతి కింద ఒకదాని మీదుగా ఒకటి వేసి జీపుకు తగిలించాడు.

“గిదేంది, జడేస్తున్నవా?” అన్నాను. ఎవరూ నవ్వలేదు.

“నువ్వెయ్యి మరిదీ, గాయన మాటినకు” అంది మా ఆవిడ.

పెద్దపల్లి దాటాక, వెనకే వస్తున్న అతని కారుకు దారివ్వకూడదని జోరు పెంచాను. స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే వెనక దడేల్మంది. టోపీ గుండు మీదినుంచి ఎగిరిపోయింది. ఎదురుగా ఆటో నిండా నాట్లకు పోయే ఆడవాళ్లు! పడవ అటు మళ్లుతుందనుకున్నాను. మళ్లలేదు. ట్రైలర్ మూతి ఆ గొలుసుల జోలెలో పడి ఊగుతూ మా వెంటే వచ్చింది. మెల్లగా బ్రేకు తొక్కి పక్కకు ఆపాను.

అతను దిగొచ్చాడు. ఒక్క మాటా అనలేదు. అని ఉంటే నాకూ తిట్టుకోవడానికి వీలుండేది. జాకీ పెట్టి, డిక్కీలో అదనంగా ఉంచుకున్న సరైన గుండు బిగించాడు. అలాంటిది అదనంగా పెట్టుకు తిరిగే మనిషిని ఎట్లా భరించడం?

“గొలుసులకెంతియ్యాలె తమ్మీ?”

“ఉంచుకో అన్నా. కొసరనుకో.”

నా జన్మలో చేదుగా దిగిన కొసరు అదొక్కటే.

మర్నాడే ట్రైలర్‌కు, పడవకు ఇన్సూరెన్స్ చేయించాను. సంతకాలయ్యాక కూడా అలవాటు కొద్దీ కూర్చునే ఉంటే, ఏజెంటు క్యాలెండర్ ఇచ్చాడు. ఇంటికి తెచ్చి మేకుకు తగిలిస్తుంటే మా ఆవిడ అంది:

“మరిదికి గదే ఏజెంటు గోడ గడియారం ఇచ్చిండు.”

మళ్లీ చెప్పులేసుకున్నాను.