ఇంకా నీలం రాలేదు

ఆషాఢంలో బండి మీద నీలం మామిడిపండ్లు కనబడితే కొనకుండా పోలేను. ఒక్కో పండూ చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పి చూస్తాను.

తెల్లదొరల కాలంలో మా నాయన రైల్లో ఒక మామిడి అంటు తెచ్చి, కంభం దగ్గర మా బావి గట్టున నాటినాడు. "ఇది నీలం తల్లీ. ఊళ్ళో పండ్లన్నీ అయిపోయినాక పండుతుంది" అన్నాడు. నీలమంటే నాకు తెలిసింది రంగే. మా అవ్వ తెల్లచీరలకు పెట్టే నీలిమందు రంగులో పండు కాస్తుందని బడిలో అందరికీ చెప్పినాను.

నాలుగేండ్లు నాయన కడవతో నీళ్ళు మోసినాడు. ఆఖరికి ఒకే ఒక్క కాయ నిలిచింది. ఆషాఢం వచ్చేసరికి అది పసుపు రంగు తిరిగి, బావి దాకా వాసన కొట్టింది. అమ్మ కోయబోతే కొమ్మ పట్టుకుని ఏడ్చినాను.

"కోయొద్దు, ఇంకా నీలం రాలేదు!"

అమ్మ నవ్వింది. నాయన నవ్వలేదు. "ఉండనీలేవే, ఇంకో నాలుగు దినాలు" అన్నాడు.

మూడోనాడు పొద్దున చూస్తే పండును చిలకలు తినిపోయినాయి. తొడిమకు టెంక వేలాడుతోంది. నాయన దాన్ని చానాసేపు చూసినాడు.

"నీలం వచ్చే ఉంటుంది తల్లీ. మనకన్నా ముందు చిలకలు చూసినాయి."

నమ్మినాను. బడిలోనూ అదే చెప్పినాను. తొలి పండు నాయన నోటికి అందలేదన్న సంగతి పెద్దయినాక గానీ తట్టలేదు.

మొన్న బండాయన విసుక్కున్నాడు. "ఎంత తిప్పినా మచ్చల్లేవు అవ్వా."

నేను వెతికేది మచ్చ కాదని ఆయనకేం చెప్పేది?