చివరి సాలులో కొబ్బరికాయ

మా బాబాయి తన ఇంజన్ల షెడ్డులో పెద్ద మేస్త్రీ పీటను నాకు ఇవ్వలేదు. కొత్తగా అల్లుడైన మా బావకు ఇచ్చాడు. పని నాకు వచ్చు, బావకు రాదు. ఈ సంగతి బాబాయికి తెలుసు, పిన్నికి తెలుసు, తిరువూరు బస్టాండులో టీ కాచేవాడికి కూడా తెలుసు. అన్యాయమని అప్పుడే అన్నాను. ఇప్పుడూ అదే మాట.

ఇంత పాత గొడవ మళ్లీ ఎందుకు లేచిందంటే, మొన్న మా మనవడు నన్ను విజయవాడలో ఒక పెద్ద హోటలుకు తీసుకెళ్లాడు. మా పంపుల కొట్టు ఇప్పుడు వాడే చూస్తున్నాడు. వ్యాపారస్తులకు దారి చూపించే సభ అట. చలి పుట్టించే గదిలో కోటు వేసుకున్న కుర్రాడొకడు తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి, మీ పనికి ప్రయోజనం ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి అన్నాడు. పక్కవాళ్లు గబగబా రాసేశారు. నాకు ఒళ్లు మండింది. అయినవాళ్లతో గొడవపడి, ఎండల్లో మాడి, నూతుల్లో దిగి తెలుసుకున్నదాన్ని ఒక్క వాక్యంలో ఎలా పట్టించడం? కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వాళ్లు పెట్టిన భోజనం మాత్రం వదలకుండా తిని ఇంటికొచ్చాను. ఆ కాగితం చాలక ఇదంతా రాస్తున్నాను.

నాది వానాకాలం చదువు. మా మెట్టలో వానలెంతో ఆ చదువూ అంతే. తెలుగు పకోడీ పొట్లాల మీద చదువుకున్నాను, ఇంగ్లీషు ఆయిల్ ఇంజన్లకు బిగించిన ఇత్తడి రేకుల మీద. నాకు 'గుడ్ మార్నింగ్' కంటే 'హార్స్ పవర్' ముందు వచ్చింది. డెబ్బైలు మొదలయ్యేనాటికి మా వైపు మోటలు పోయి నూతి నూతికీ ఆయిల్ ఇంజను వస్తోంది. తిరువూరులో విస్సన్నపేట రోడ్డు మీద బాబాయి షెడ్డు ముందు మరమ్మతుకొచ్చిన ఇంజన్లు ఎడ్లబండ్ల మీద పెళ్లికూతుళ్లలా దిగేవి. డీజిలు వాసన మా అన్నంలో కూడా ఉండేది. చిన్న మరమ్మతయితే మేమే చేలోకి వెళ్లేవాళ్లం. ఇంజను నడక అందుకోగానే రైతు దాని ముందు కొబ్బరికాయ కొట్టేవాడు. ఆ ముక్క మేస్త్రీ నోట్లో పడితే పని అయిపోయినట్టు. ఆ తర్వాత ఇంజను ఆగినా అడగడానికి లేదు. అది మా వృత్తిలో కట్టుబాటు.

షెడ్డులో విప్పిన సామాన్లు కడిగే పళ్లెం పక్కన ఒక టేకు పీట ఉండేది. దాని మీద కూర్చున్నవాడే ఏ ఇంజను ఎవరు విప్పాలో చెప్పాలి. బాబాయికి మోకాళ్ల నొప్పులు వచ్చాక ఆ పీట నాదేనని అందరూ అనుకున్నారు, అందరికంటే ముందు నేననుకున్నాను. ఆ దసరాకి, పనిముట్లకి పసుపు కుంకుమలు పెట్టాక, బాబాయి బావ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. బావ మంచివాడే. చొక్కా నలగనిచ్చేవాడు కాదు, హ్యాండిలు తిప్పమంటే కళ్లు మూసుకునేవాడు. నేను పానాలు కింద పెట్టి బయటికి నడిచాను. పిన్ని రోడ్డు దాకా పరిగెత్తుకొచ్చి పులిహోర గిన్నె చేతిలో పెట్టింది. పుచ్చుకున్నాను. నా కోపం బాబాయి మీద, పులిహోర మీద కాదు.

గంపలగూడెంలో ఒక పాక అద్దెకు తీసుకుని కూర్చున్నాను. ఈగలు తప్ప ఎవరూ రాలేదు. అక్కడివాళ్లకు కూడా ఇంజను చెడితే బండి తిరువూరు వైపే తిరిగేది. బాబాయికి నా సత్తా చూపించాలన్న పంతం తప్ప, నేనెందుకు పొద్దున్నే ఆ పాక తలుపు తీస్తున్నానో నాకే తెలియని రోజులవి. పంతం మీద ఎన్నాళ్లు బతుకుతాం?

అట్లాంటప్పుడు నెమలి ఊరి వైపునుంచి ఒక పెద్దావిడ కబురు పంపింది. భర్త పోయాడు, మిరపతోట ఒక్కతే చూసుకుంటోంది, ఇంజను ఆగిపోయి తోట వాడిపోతోంది. వెళ్లి నాజిలు శుభ్రం చేసి, రింగులు మార్చి, హ్యాండిలు తిప్పాను. మొదటి తిప్పుకే అందుకుంది. ఆవిడ కాయ కొట్టింది, నేను ముక్క నోట్లో వేసుకుని సంచీ సర్దుకుంటున్నాను. ఆవిడ చేను వైపు చూసి అంది: "ఏమయ్యా మేస్త్రీ, శబ్దం బాగానే ఉంది. శబ్దం పోసి మిరప పండించమంటావా?"

నా పని ఇంజను వరకేనమ్మా అన్నాను. కట్టుబాటు ప్రకారం అది న్యాయమే. ఆవిడ పార తీసుకుని నీళ్లు పారే బోదె వెంట ఒక్కతే నడుచుకుంటూ వెళ్లిపోయింది. తిడితే బస్సెక్కేవాణ్ణి. తిట్టలేదు కాబట్టి సంచీ దించి వెనక నడిచాను. బోదె గట్టుకు ఎలుక బొరియలు, నీళ్లు సగం పక్క బీడులోకి పోతున్నాయి. నూతి అడుగున పైపు మూతికున్న ఫుట్‌వాల్వు నిండా బురద. నేను నూతిలో దిగి దాన్ని కడిగాను, ఆవిడ బొరియలు పూడ్చింది. మళ్లీ ఇంజను వేసి గట్టు మీద కూర్చున్నాం. నీళ్లు ఒక్కో సాలూ దాటుకుంటూ పొద్దు వాలేవేళకి చివరి సాలులోకి పాకాయి. ఎండిన మట్టి నీళ్లు తాగే చప్పుడు అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు, వినేదాకా ఉండలేదు కాబట్టి. ఆవిడ కొంగులోంచి మిగిలిన కొబ్బరిచిప్ప తీసి, "ఇప్పుడు తిను నాయనా" అంది. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

మర్నాటి నుంచి నా కట్టుబాటు మార్చాను. కాయ ఇంజను ముందు కాదు, చివరి సాలు దగ్గర కొట్టాలి. అక్కడికి నీళ్లు చేరేదాకా నేను కదలను. మొదట్లో నవ్వారు. మేస్త్రీకి ఇంట్లో పనిలేదా అన్నారు. తర్వాత ఆ నవ్వినవాళ్లే బండ్లు కట్టుకొచ్చారు. పనిలోకి తీసుకున్న వాళ్లకి నేను నేర్పిన మొదటి పాఠం గట్టు మీద ఓపికగా కూర్చోవడం. ఇంజన్లు పోయి కరెంటు మోటార్లు వచ్చినా, పైపులు వచ్చినా నా కొట్టు నిలబడిందంటే అందుకే. నేను అమ్మేది ఇనుము కాదని నాకు ఆ మిరపతోటలో తెలిసింది. ఆ తల్లి రుణం తీరేది కాదు. పీట మీద కూర్చుని ఉంటే ఆ గట్టు మీద కూర్చునేవాణ్ణి కాదన్నది కూడా నిజమే. అంతమాత్రాన అన్యాయం న్యాయం అయిపోదు.

అందుకే అడగడం మానలేదు. పెళ్లిళ్లలో, పురుళ్లలో, ఎక్కడ కనిపించినా "నాకెందుకివ్వలేదు బాబాయ్?" అనేవాణ్ణి. "అన్నం తిన్నావురా?" అనేవాడు. ఆ దశాబ్దం అలాగే గడిచిపోయింది. మనిషి మాట దాటవేసినంత మాత్రాన కాలం దానికోసం ఆగదు గదా, ఆయన జుట్టు తెల్లబడింది, నాదీ మొదలైంది.

ఒక వేసవిలో బాబాయి చెప్పాపెట్టకుండా బస్సు దిగి నా షెడ్డుకొచ్చాడు. నేను పనిమీద బయల్దేరుతుంటే నేనూ వస్తానన్నాడు. మోకాళ్లు పట్టుకుని గట్టు మీద నా పక్కన కూర్చుని, నీళ్లు చివరి సాలు చేరేదాకా కదల్లేదు. రైతు కాయ కొట్టి ముందు పెద్దాయనకే ముక్క పెట్టాడు. ఆయన నములుతుండగా మళ్లీ అడిగాను. ఈసారి అన్నం సంగతి ఎత్తలేదు. నీళ్ల వైపే చూస్తూ చెప్పాడు:

"షెడ్డు ఒక్కటి, మీరిద్దరు. అది ఇవ్వకపోతే మీ బావ బతకలేడురా. నీకు ఇచ్చుంటే నువ్వు నాలాగే ఆ పీట మీదే ముసలాడివయ్యేవాడివి. తప్పంటావా, తప్పే. ఇంకో ముక్క పెట్టు."