సోమవారం కట్టిన ఫ్లెక్సీ

క్రికెట్‌లో ఇండియా ఓడిపోతే నందిగామలో ఏడవడానికి తోడు దొరుకుతుంది. టీ కొట్టు దగ్గర పదిమంది చేరి కెప్టెన్ని తిడతారు, పిచ్‌ని తిడతారు, టాస్‌ని తిడతారు. రెండో టీ తాగేసరికి కడుపులో మంట సగం చల్లారుతుంది. ఫుట్‌బాల్‌లో ఓడిపోతే మాత్రం అసలు మ్యాచ్ జరిగినట్టే ఎవరికీ తెలియదు. వెక్కిరించడానికైనా ఒక మనిషి దొరకడు. మా నలుగురి ఖర్మ అది.

నలుగురం అంటే ఫ్లెక్సీల షాపు నడుపుకునే నేను, మెడికల్ షాపు అతను, కరెంటాఫీసులో లైన్‌మన్, ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టరు. డిగ్రీ చదివేటప్పుడు మా కాలేజీకి వచ్చిన ఆటల సారు మాకు ఈ పిచ్చి అంటించి, రెండేళ్ళకే ట్రాన్స్‌ఫర్ అయిపోయాడు. పిచ్చి మాత్రం మాతో ఉండిపోయింది. డ్రిల్లు మాస్టరు మా గోల్‌కీపరు. ఆరడుగుల మనిషి, గొంతు నాలుగు వీధులకు వినపడుతుంది.

వాడిది జగ్గయ్యపేట. వారమంతా నందిగామలో గది తీసుకుని ఉండి శనివారం సాయంత్రం ఇంటికి పోయేవాడు. ఏదైనా వారం పోకపోతే సోమవారం పొద్దున వాళ్ళమ్మే ఉతికిన బట్టలు, కూర క్యారేజీ పట్టుకుని బస్సెక్కి వచ్చేది. ఆమెను నేను పిన్నీ అంటాను. వాళ్ళింట్లో నేను తిన్న అన్నానికి లెక్క లేదు. భర్త ఎప్పుడో పోయాడు. ఇద్దరు కొడుకుల్లో పెద్దవాడు మూడేళ్ళ కిందట హైవే మీద బండి యాక్సిడెంట్లో పోయాడు. మిగిలింది మా గోల్‌కీపరు ఒక్కడే.

పెద్దవాడి కబురు ఆమెకు చెప్పింది నేనే. చెప్పాననడం కూడా అబద్ధమే. మా వైపు చావు కబురు ఎవరూ చావు కబురులా చెప్పరు. కాలికి దెబ్బ తగిలింది, ఆస్పత్రిలో కట్టు కట్టారు, ఒకసారి చూసి వద్దురుగాని రండి అంటారు. మనిషిని బండెక్కించి, దారి పొడుగునా మామూలు మాటలు మాట్లాడి, ఆస్పత్రి వెనక వైపుకి తీసుకెళ్తారు. నేనూ అదే చేశాను. "ఏం కాలేదు పిన్నీ, బానే ఉన్నాడు" అని విజయవాడ దాకా చెబుతూనే ఉన్నాను. ఆమె నమ్మింది. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చేతిలో బైబిలు సంచి అలాగే ఉంది. మార్చురీ గుమ్మం ముందు ఆ సంచి నాకిచ్చి లోపలికి వెళ్ళింది.

తర్వాత చర్చివాళ్ళు ఆదరణ కూడిక అని పెట్టే సంతాప సభకి ఫ్లెక్సీ నేనే వేశాను. లేత నీలం ఆకాశం, తెల్ల పావురం, రెండు కొవ్వొత్తులు, మధ్యలో ఫొటో చుట్టూ మల్లెపూల దండ, కింద వరసలో తమ్ముడూ స్నేహితులూ. చూసినవాళ్ళంతా చాలా బాగుందన్నారు. ఆ తర్వాత ఊళ్ళో చాలామంది వాళ్ళ చావులకి అదే డిజైను అడిగి వేయించుకున్నారు.

ఇక మ్యాచ్ సంగతి. ఆ దేశం పేరు చెప్పను, చెప్పినా మ్యాపులో వెతుక్కోవాలి. ర్యాంకుల్లో మనకంటే చాలా కింద. ఈసారి గెలుపు ఖాయం అనుకుని, వారం ముందే బస్టాండు మలుపులో మా నలుగురి ఫొటోలతో "భారత జట్టుకు విజయోస్తు" అని ఫ్లెక్సీ కట్టాం. టీ కొట్టాయన చదివి, "ఎన్ని ఓవర్ల మ్యాచ్ బాబూ?" అని అడిగాడు. నవ్వి ఊరుకున్నాం. గెలిచాక చెబుదాంలే అనుకున్నాం.

ఆదివారం సాయంత్రం షాపు షట్టరు సగం దించి, డిజైను చేసే కంప్యూటర్లో మ్యాచ్ పెట్టుకుని కూర్చున్నాం. మా గోల్‌కీపరు ఇంటికి కూడా పోకుండా ఉండిపోయాడు. "ఇవాళ గాని ఓడితే నేను చచ్చినట్టే లెక్క, రాసి పెట్టుకోండి" అన్నాడు. పావుగంటకే ఒక గోలు పడింది. మన డిఫెండరు మన గోల్లోకే తన్నింది రెండోది. మూడోదానికి మన కీపరు బంతి కోసం బయటికొచ్చి, బంతి లేని చోటికి దూకాడు. హాఫ్‌టైమ్‌కి ఎవరూ లేచి బయటికి వెళ్ళలేదు. చివరికి ఐదయ్యాయి. ఐదోది పడ్డాక అవతలి జట్టు వాళ్ళు పండగ చేసుకోవడం కూడా మానేశారు, అది నాకు అన్నిటికంటే ఎక్కువ కాలింది. జాలి పడ్డట్టున్నారు.

మెడికల్ షాపతను మొదటి నుంచీ అనుకుంటూనే ఉన్నానన్నాడు. అతను ప్రతిసారీ అదే అంటాడు, మ్యాచ్ అయ్యాక. లైన్‌మన్ ఫోన్లోంచి మ్యాచ్‌ల యాప్ తీసేశాడు, వారంలో మళ్ళీ వేసుకుంటాడని అందరికీ తెలుసు. మా గోల్‌కీపరు లేచి చెప్పులేసుకున్నాడు. పొద్దున్నే పిల్లల్ని విజయవాడ ఆటల పోటీలకి తీసుకెళ్ళాలని చెప్పి గదికి వెళ్ళిపోయాడు. అంత గొంతున్నవాడు నోరు మూసుకుని వెళ్తుంటే చూడలేకపోయాను.

నాకు ఓర్చుకోవడం రాదు. ఏదైనా తగిలితే దాన్ని వెంటనే ఎగతాళి చేసెయ్యాలి, లేకపోతే నిద్ర పట్టదు. రేపు పొద్దున టీ కొట్టాయన ఆ విజయోస్తు ఫ్లెక్సీ చూసి ఎవరు గెలిచారని అడుగుతాడు కదా, అతను నవ్వే లోపల మనమే నవ్వేస్తే పోతుందనిపించింది. మిగతా ఇద్దరికీ చెప్పాను. పకపకా నవ్వారు. ఆ సాయంత్రం మాకు వచ్చిన మొదటి నవ్వు అదే.

మధ్యలో మా గోల్‌కీపరు పెద్ద ఫొటో, నీలం జెర్సీలో. "నిన్న సాయంత్రం ఐదు గోల్స్ తగిలి అకాల మరణం చెందిన మా గోల్‌కీపరుకు కన్నీటి వీడ్కోలు." కింద వరసలో మేం ముగ్గురం. పావురం, కొవ్వొత్తులు, మల్లెపూల దండ. అవును, అన్నకి వేసిన డిజైనే. తెలియక తీశానని చెప్పను. తెలుసు. చేతికి అలవాటైన ఫైలు, బాగా కుదిరిన ఫైలు, ఫొటో మారిస్తే పని అయిపోతుంది. ఆ నిమిషానికి దాన్ని ఒక డిజైనుగానే చూశాను. చావుల ఫ్లెక్సీలు వారానికి నాలుగు వేసేవాడికి ఆ జబ్బు వస్తుంది.

సోమవారం పొద్దున్నే పాతది విప్పి కొత్తది కట్టాం. చదివినవాళ్ళు చదివినట్టు నవ్వుకున్నారు. టీ కొట్టాయన నాకు టీ ఊరికే ఇచ్చాడు. సోమవారం ఆమె వచ్చే రోజని, వాడు ఈ వారం ఇంటికి పోలేదని, రెండూ నాకు తెలుసు. రెండూ కలిపి ఆలోచించలేదు.

పదింటప్పుడు ఎవరో పరిగెత్తుకొచ్చి, మీ ఫ్లెక్సీ కింద ఎవరో పెద్దావిడ కూలబడిపోయిందని చెప్పారు. జగ్గయ్యపేట బస్సు మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి చూసిందట. బైబిలు కూడబలుక్కుని చదువుకునే మనిషి, కదిలే బస్సులోంచి అక్షరాలు ఏం చదువుతుంది. కొడుకు ఫొటో చూసింది, దండ చూసింది, కింద వరసలో నన్ను చూసింది. నేను వెళ్ళేసరికి ఫ్లెక్సీ కర్రని పట్టుకుని కింద కూర్చుని ఉంది. క్యారేజీ పక్కకి ఒరిగి పులుసు రోడ్డు మీద పారుతోంది. ఏడవడం లేదు.

"ఏం కాలేదు పిన్నీ, బానే ఉన్నాడు" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకు అర్థమైంది ఏమన్నానో. ఆమె తలెత్తి నా వైపు చూసింది.

"అప్పుడూ ఇట్టాగే అన్నావు బాబూ" అంది. "పెద్దోడికి నువ్వొచ్చి చెప్పావు. వీడికి నువ్వు కూడా రాలేదే."

అది వేళాకోళానికి వేసిందని చెప్పాను. ఆట పోయిందని, అందుకే అలా రాశామని, చుట్టూ ఉన్నవాళ్ళచేత గట్టిగా చదివించాను. చదివినవాడు నవ్వబోయి ఆపుకున్నాడు. ఆమెకు అవేవీ పట్టలేదు. కన్నకొడుకు ఫొటోకి దండ వేసి నవ్వుకుంటారంటే ఏ తల్లి నమ్ముతుంది. వాడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆటల దగ్గర సంచిలో పడేసి ఉంటాడు. మళ్ళీ చేశాను, ఈలోపు మిగతా ఇద్దరూ వస్తే ముగ్గురం మూడు ఫోన్ల నుంచి చేశాం. మోగి మోగి ఆగిపోయిన ప్రతిసారీ ఆమె తల చిన్నగా ఊపింది. పొద్దున ఆరింటికి బస్సెక్కుతున్నామని వాడు పంపిన వాయిస్ మెసేజి వినిపించాను.

"పెద్దోడి గొంతు కూడా ఉంది బాబూ నా ఫోన్లో" అంది.

ఇక మనిషిని చూపించడం తప్ప దారి లేదు. మెడికల్ షాపతను కారు తీశాడు. "విజయవాడ పోదాం పిన్నీ, చూపిస్తా" అన్నాను. ఏమీ అడక్కుండా లేచి ఎక్కింది. అప్పుడూ విజయవాడే, అదే రోడ్డు, పక్కన నేనే. కారు కంచికచర్ల దాటింది. పరిటాల హనుమంతుడి పెద్ద విగ్రహం కనపడ్డాక ఆమే మాట మొదలుపెట్టింది, మామూలు గొంతుతో.

"సాయంత్రం లోపల ఇస్తారా? అప్పుడు చీకటి పడిందాకా ఇవ్వలా."

"పిన్నీ, వాడు బతికే ఉన్నాడు" అన్నాను.

"పెద్దోడి పక్కన చోటుంది. పాస్టరుగారికి ఫోన్ చేసి చెప్పు, తవ్వించమను." కాసేపాగి, "బొమ్మ బాగా వేశావు" అంది. "పెద్దోడిదీ నువ్వే వేశావుగా."

కారు నడిపే అతను ఏడుస్తున్నాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. బతికున్న మనిషిని బతికున్నాడని చెప్పి నమ్మించలేకపోవడం ఎంత నరకమో ఆ గంటలో చూశాను. ఎన్ని సార్లు చెబితే అంత అబద్ధంలా వినపడుతోంది. చివరికి నాకే భయం వేసింది, వాడు ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని.

గ్రౌండు గేటు దగ్గర దిగాం. వాడు మధ్యలో విజిల్ ఊదుతూ పిల్లల మీద అరుస్తున్నాడు. ఆ గొంతు గేటు దాకా వినపడుతోంది. ఆమె గేటు ఊచలు పట్టుకుని నిలబడింది, లోపలికి అడుగు వెయ్యలేదు. వాడు మమ్మల్ని చూసి నవ్వుకుంటూ వచ్చాడు.

"ఏంటి మావా, అమ్మని కూడా తీసుకొచ్చావ్? ఇక్కడ మా పిల్లలు గెలుస్తున్నారు తెలుసా."

ఆమె వాడి చేతులు, భుజాలు, మెడ, ముఖం తడిమి చూసింది. కొన్న బట్ట చిరుగుందేమో చూసినట్టు, తొందర లేకుండా, అంతా. అప్పుడు ఏడ్చింది. వాడు నా వైపు చూశాడు. చెప్పాను. ఈసారి మాత్రం ఏదీ దాచకుండా చెప్పాను, ఫైలు సంగతి కూడా.

వాడు నన్ను కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. "సరేలే మావా, నువ్వు వెళ్ళు, అమ్మని నేను తీసుకెళ్తా" అన్నాడు. సాయంత్రం నందిగామలో దిగి ఫ్లెక్సీ వాడే విప్పుకుని పోయాడట. నేను అప్పటికే చించి పారేసి ఉండాల్సింది. ఆ ఫైలు మాత్రం తీసేశాను, రెండు ఫొటోలతో సహా.

ఆ తర్వాత ఇండియా ఇంకా ఓడింది, ఒకటో రెండో గెలిచింది కూడా. గెలిచిన రోజు మేం ఒకరికొకరం ఫోన్ చేసుకోలేదు. వాడు జగ్గయ్యపేటలోనే వేరే స్కూల్లో చేరి, గది ఖాళీ చేసేశాడు. కనపడితే మాట్లాడతాడు, బానే మాట్లాడతాడు, బంతి మాట తప్ప.

మూడు నెలలు ఆగి ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. చెప్పకుండానే వెళ్ళాను, ఎప్పుడూ అలాగే వెళ్ళేవాణ్ణి. తలుపు తీసే ఉంది. లోపల వాడు కింద కూర్చుని అన్నం తింటున్నాడు, ఆమె పక్కన కూర్చుని వడ్డిస్తోంది. గుమ్మంలో నన్ను చూడగానే ఆమె చేతిలో గరిటె జారిపోయింది. నన్నే చూస్తూ, ఎదురుగా కూర్చున్న వాణ్ణి పేరు పెట్టి పిలిచింది. వాడు ఊఁ అన్నాడు. మళ్ళీ పిలిచింది. "ఇక్కడే ఉన్నా కదమ్మా" అన్నాడు. చెయ్యి చాచి వాడి మోకాలు పట్టుకుంది, అప్పటిగ్గానీ ఊపిరి తీసుకోలేదు.

తర్వాత లేచి గుమ్మం దాకా వచ్చింది. నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది.

"నిన్ను తిట్టట్లా బాబూ. నువ్వు మంచోడివే. కానీ నువ్విట్టా గుమ్మంలోకొస్తే, వాడు నా ముందున్నా ఉన్నాడని అనిపించట్లా. నువ్వు మా ఇంటికి రామాక."

నేను చెప్పులు ఇంకా విప్పలేదు. సరే పిన్నీ అని చెప్పి బస్టాండుకి నడిచాను.