మేడమ్ దిద్దిన పొరపాట్ల పట్టిక

మా స్టాటిస్టిక్స్ మేడమ్ ఇక లేరు. పోయిన శుక్రవారం పొద్దున ధర్మవరంలో, సొంత ఇంట్లో, పేపర్ తిరగేస్తూ కూర్చున్న కుర్చీలోనే ఒరిగిపోయారట. డిగ్రీలో నాతోపాటు చదివిన ముదిగుబ్బ మిత్రుడు ఫోన్ చేసి, "మేడమ్ పోయినారంట రా" అని పెట్టేశాడు. అప్పుడు నేను ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు ఆమె నేర్పిన పట్టికనే బోర్డు మీద గీస్తున్నాను. సగంలో ఆపి, బయటికి వచ్చి ఏడ్చాను. మొహం కడుక్కుని మళ్లీ లోపలికి వెళ్లి పట్టిక పూర్తిచేశాను. సగం గీసి వదిలేస్తే ఆమెకు ఒళ్లు మండేది.

ఆమె మీకు తెలిసే అవకాశం లేదు. పుస్తకాలు రాయలేదు, సన్మానాలు చేయించుకోలేదు. హిందూపురంలో డిగ్రీ పిల్లలకు ఏళ్ల తరబడి స్టాటిస్టిక్స్ చెప్పారు. పొద్దున ధర్మవరంలో రైలెక్కి వచ్చేవారు, సాయంత్రం రైలెక్కి వెళ్లేవారు. నడుమ పెనుకొండలో నేను పొద్దున ఎక్కి, సాయంత్రం దిగేవాణ్ణి. అందువల్ల నాకు రెండు క్లాసులు జరిగేవి, కాలేజీలో ఒకటి, రైల్లో ఒకటి. రైల్లో జరిగేదే బాగుండేది. అక్కడ ఆమె చెనక్కాయల పొట్లం విప్పేవారు.

తొంభైల్లో మాట ఇది. క్లాసుకు రానివాడి పేరు పిలిస్తే వచ్చినవాడు పలకాలని మా నలుగురు మిత్రుల మధ్య ఒప్పందం. మేడమ్ తలెత్తకుండా హాజరు పిలిచేవారు కాబట్టి మా ఏర్పాటు దివ్యంగా సాగుతోందనుకున్నాం. ఒకరోజు ఆమె పాఠం మొదలుపెట్టకుండా బోర్డు మీద నాలుగు వరసలు, నాలుగు నిలువులతో గడులు గీశారు. వరసల పక్కన మా నలుగురి పేర్లు రాసి "పిలిచిన పేరు" అన్నారు. గడుల పైన కూడా మా పేర్లే రాసి "పలికిన గొంతు" అన్నారు. తర్వాత గులాబీ రంగు సుద్దముక్కను పడుకోబెట్టి గడులు నింపసాగారు. ఎక్కువసార్లు జరిగినదానికి ముదురుగా, తక్కువసార్లు జరిగినదానికి లేతగా. ఆమె తలెత్తేవారు కారు గానీ చెవులు బాగానే పనిచేసేవని అప్పుడు తెలిసింది.

ఎవడి పేరుకు వాడే పలికి ఉంటే, పై మూల నుంచి కింది మూలకు ఐమూలగా ఉన్న గడులు ముదురుగా రావాలి. మావి వెలవెలబోతున్నాయి. నా పేరున్న వరసలో మాత్రం ముదిగుబ్బవాడి గొంతు గడి ధగధగలాడుతోంది.

"ఏమబ్బా, నువ్వు వచ్చిన రోజు కూడా వాడే పలికినాడే. నీ గొంతుకేమన్నా జబ్బు చేసిందా?" అన్నారు మేడమ్.

క్లాసంతా గొల్లుమంది. ఆమె తిట్టలేదు, ప్రిన్సిపాల్‌కు చెప్పలేదు. "ఈ వారమంతా దీన్ని తుడవొద్దండి, ఉండనీండి" అని మాత్రం అన్నారు. వారం పాటు జూనియర్లు కూడా వచ్చి చూసిపోయారు. తర్వాతెప్పుడో ఇలాంటి పట్టికను కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ అంటారని, దానికి రంగులేస్తే హీట్‌మ్యాప్ అంటారని చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. నా పరువు తీసిన పాత పట్టికను గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను? మేడమ్ దాన్ని పొరపాట్ల పట్టిక అనేవారు. ఆ పేరే నాకు నచ్చుతుంది.

ఆమెకు కొన్ని పట్టింపులు ఉండేవి. రైల్లో ఎండ పడే వైపే కూర్చునేవారు, నీడ వైపు కూర్చుంటే నిద్ర వస్తుందని. చెనక్కాయ పొట్టు కిటికీలోంచి పారేయనిచ్చేవారు కాదు. ఎవరైనా "నూటికి ఇంత కరెక్టు" అని గొప్పగా చెబితే ఆమె మొహంలో నవ్వు మాయమయ్యేది. "ఎంత కరెక్టో తర్వాత చెబుదువు. యాడ తప్పుతాందో ముందు చెప్పు" అనేవారు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! పరీక్ష ఫలితాల గురించైనా, వానల గురించైనా, ఆఖరికి మా అవ్వ జాతకాల గురించైనా ఆమె ప్రశ్న అదే.

రంగుల విషయంలో ఇంకా మొండి. వాళ్ల నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవారు. దారానికి రంగు అద్దడం చూస్తూ పెరిగిన మనిషి. నేను ఉద్యోగంలో చేరాక కంప్యూటర్‌లో వేసిన మొదటి హీట్‌మ్యాప్‌ను గర్వంగా రైల్లో చూపించాను. అది నీలం, పచ్చ, పసుపు, ఎరుపు అన్నీ కలిసి తిరునాళ్లలా ఉంది. ఆమె దాన్ని దూరంగా పట్టుకుని చూశారు.

"ఇందులో పచ్చ ఎక్కువా, పసుపు ఎక్కువా?"

"పక్కన ఏ రంగు ఎంతో చెప్పే పట్టీ ఉండాది మేడమ్, అది చూసి తెలుసుకోవాల."

"అట్లయితే బొమ్మెందుకు? ఒకే రంగు తీసుకో. తక్కువ ముంచితే లేత, ఎక్కువ ముంచితే ముదురు. కంటికి ఇంకొకరు చెప్పే పని ఉండకూడదు."

మర్నాడే ఒకే ఎరుపుకు మార్చాను. ఇప్పటికీ మా ఆఫీసులో ఎవరైనా ఇంద్రధనుస్సు పట్టుకొస్తే వెనక్కి పంపిస్తాను. నాకు చాదస్తమని పిల్లలు అనుకుంటారు, అనుకోనీండి.

ఆ ఉద్యోగం సంగతి చెప్పాలి. రెండువేల సంవత్సరం దాటాక హిందూపురంలో ముగ్గురం కలిసి ఒక గదిలో పనిచేసేవాళ్లం. పట్టుగూళ్లను ఫోటో తీసి, అవి ఏ రకమో చెప్పే యంత్రం తయారుచేస్తున్నాం. గూళ్ల నుంచి దారం తీసే ఒక కేంద్రం యజమాని మాకు ఆ పని ఇచ్చాడు. యంత్రం నాలుగు రకాలను వేరు చేయాలి. మంచి గూడు, రెండు పురుగులు కలిసి కట్టిన జంట గూడు, పలుచటి గూడు, మరక పడిన గూడు. వీటిలో మరక గూడు ప్రమాదం. లోపల పురుగు చచ్చి కుళ్లిపోవడం వల్ల పడే మరక అది. అలాంటివి ఓ నాలుగు, గూళ్లను ఉడకబెట్టే వేడినీళ్ల తొట్టిలో పడితే నీళ్లు పాడై, ఆ తొట్టిలోని దారమంతా మసకబారుతుంది.

యజమాని మంచివాడే గానీ మా మాట మీద ఆయనకు నమ్మకం లేదు. "కాలేజీ మేడమ్ చూసి సంతకం పెడితే సోమవారం నుంచి మిషన్ ఎక్కిస్తా. లేకుంటే మీ దారి మీది" అన్నాడు. యంత్రం నడిస్తే మాకు జీతాలు, లేకపోతే గదికి తాళం. అంత తేలికైన లెక్క.

శనివారం మధ్యాహ్నం మేడమ్ ఆ కేంద్రానికి వచ్చారు. మార్కెట్లో ఒకేసారి కొన్న ఒక లాటు గూళ్లను ముందే చేత్తో రకాలుగా ఏరిపెట్టుకుని, అన్నింటినీ యంత్రం కింద నడిపించాం. ఏ గూడు నిజంగా ఏ రకమో వరసల్లో, యంత్రం ఏమని చెప్పిందో పైన. కంప్యూటర్ పట్టికకు రంగు వేసింది. మంచి గూళ్ల గడి కుంకుమలా ముదురుగా వచ్చింది. తప్పులుండే గడులన్నీ తెల్లగా ఉన్నాయి. మేడమ్ చాలాసేపు చూశారు. యజమాని టీ తెప్పించాడు. ఆమె రెండు ప్రతుల కిందా సంతకం పెట్టారు. ఆయన ఒక ప్రతి తాను ఉంచుకుని, ఒకటి ఆమెకు ఇచ్చాడు.

సాయంత్రం రైల్లో నేను గాల్లో తేలుతున్నాను. ఆమె పొట్లం విప్పి, ఇంకో చేత్తో ఆ కాగితం తీశారు. కాసేపటికి చెనక్కాయలు వొలవడం ఆగిపోయింది.

"ఈ రంగంతా ఒక్క గడే తాగేసిందబ్బా" అన్నారు.

"అంటే?"

"లాటులో మంచివి కొండంత ఉండాయి, మరకవి గుప్పెడు. ఆ గుప్పెడు గుప్పెడూ తప్పినా ఈ బొమ్మలో తెల్లగానే కనపడుతుంది. కొండ పక్కన పెడితే ఏదైనా తెలుపే. ఏ వరసకు ఆ వరస లెక్క కట్టి రంగు వేయాల్సింది. మరక గూళ్లను మరక గూళ్లతోనే పోల్చాల."

పెన్సిల్ తీసి, కాగితం వెనక వరస వరసకూ లెక్క కట్టి, కొత్త గడులు గీసి పెన్సిల్‌తోనే నింపారు. మొదటి వరస బాగుంది. రెండోది ఫరవాలేదు. మూడోది కూడా. చివరిది మరక గూళ్ల వరస. అందులో "మంచివి" అనే గడి నల్లగా తేలింది. నిజంగా మరక ఉన్నవాటిలో సగానికి మించి మంచివని చెప్పి వదిలేస్తోంది మా యంత్రం.

ఉద్యోగం పోయినట్టే అనిపించింది. కానీ ఆమె నా వైపు చూడటం లేదు. కాగితాన్ని ముందువైపుకు తిప్పి తన సంతకాన్ని చూస్తున్నారు.

"నేను చూసినా. చూసి కూడా పెట్టినా" అన్నారు.

"సోమవారం పొద్దున ఫోన్ చేద్దాం మేడమ్."

"ఫోన్లో చెప్పే సంగతా ఇది? ఆ దారం మా ఊర్లో ఎవరిదో మగ్గం మీదికే పోతుంది. నేను పెనుకొండలోనే దిగుతా."

దిగారు. మా ఇంటికి వచ్చి కాఫీ తాగి వెళదామంటే, "కూర్చుంటే మళ్లీ లేవబుద్ధి కాదబ్బా, పద" అన్నారు. బస్సెక్కి మళ్లీ హిందూపురం చేరాం. దారిలో ఆమె ఒక్క మాటే మాట్లాడారు. చిన్నప్పుడు వాళ్ల నాయన నేసిన పెళ్లిచీర ఒకటి, నడుమ మసక చార వచ్చిందని వెనక్కి వచ్చిందట. ఆయన దాన్ని మళ్లీ మళ్లీ వెలుతురుకు పట్టి చూసుకుంటూ, తప్పు దారానిదని తెలియక, తన చేతిదే అనుకున్నారట.

మేం కేంద్రానికి వెళ్లేసరికి యజమాని తాళాలు వేయించుకుంటున్నాడు. మమ్మల్ని చూసి నవ్వాడు. సంగతి విన్నాక నవ్వు ఆగిపోయింది.

"ఏం మేడమ్, మిషన్ వస్తాందని మార్కెట్లో అందరికీ చెప్పినా. దుడ్లు కూడా పెట్టినా. మీరే సంతకం పెట్టి, మీరే కాదంటే ఎట్ల?"

"పెట్టింది నేనే, కొట్టేసేదీ నేనే. ఇందులో ఈ పిల్లోడి తప్పు లేదు, నీ తప్పూ లేదు. నేను కొండను చూసి గుప్పెడును వదిలేసినా."

"నలుగురూ ఏమనుకుంటారు? కాలేజీ మేడమ్‌కే తెలీలేదంటారు."

"అననీ. నిజమే గదా."

తర్వాత ఆమె చేయించిన పనిని నేను ఎన్నటికీ మరవను. కేంద్రంలో నేల మీద పదహారు వెదురు తట్టలు నాలుగు వరసలుగా పెట్టించారు. మధ్యాహ్నం యంత్రం కింద నడిచి, చీటీలతో సంచుల్లో విడివిడిగా ఉన్న గూళ్లను, ఏ గడిలో లెక్కకు వచ్చినవి ఆ తట్టలో పోయించారు. నేనూ యజమానీ మోకాళ్ల మీద కూర్చుని పోశాం. కంప్యూటర్ బొమ్మ నేల మీదికి దిగి వచ్చింది. మూలనున్న తట్ట పొంగి పొర్లుతోంది. ఆమె దాన్ని పట్టించుకోకుండా చివరి వరసలోని మొదటి తట్టను ఎత్తి ఆయన ముందు పెట్టారు.

"ఇవన్నీ మిషన్ మంచివంటాంది. తొట్టిలో పోసుకుంటావా?"

ఆయన ఒక గూడు తీసి వేళ్ల మధ్య తిప్పాడు. గోధుమరంగు మరక స్పష్టంగా కనిపించింది. ఇంకోటి తీశాడు. తర్వాత లోపలికి వెళ్లి తన ప్రతి తెచ్చి ఇచ్చాడు. మేడమ్ రెండు కాగితాల మీదా తన సంతకాన్ని అడ్డంగా కొట్టేశారు.

"ఎన్నాళ్లు పడుతుంది?" అని నన్ను అడిగాడు యజమాని. అంటే మా గదికి తాళం పడలేదన్నమాట. మేడమ్ నా బదులు, "వీడు మరక గూళ్లు ఎన్ని తెస్తే అంత తొందరగా" అన్నారు.

ఆ తర్వాత కొన్ని నెలలు నేను మార్కెట్లో మంచి గూళ్లు వదిలేసి మరకవే ఏరుకునేవాణ్ణి. రైతులు నన్ను పిచ్చివాడి కింద జమకట్టారు. యంత్రానికి అవన్నీ చూపించి మళ్లీ నేర్పాం. కొత్త పట్టిక వేశాం, ఈసారి ఏ వరసకు ఆ వరస. ఐమూల గడులు నాలుగూ ముదురుగా వచ్చాయి. పలుచటి గూళ్ల వరసలో మాత్రం ఒక పక్క గడి లేతగా రంగు పట్టింది. వాటిలో కొన్నింటిని యంత్రం ఇంకా మంచివంటోంది. మేడమ్ ఆ తట్ట తెప్పించుకుని ఒక్కో గూడూ నొక్కి చూశారు. "ఇవి పడితే దారం తెగుతుంది, ముడేసుకుంటారు. మిగతా తొట్టికి నష్టం లేదు" అన్నారు. యజమాని పెన్ను అందించాడు. నేను మిషన్ వైపు పరుగెత్తుతుండగా ఆమె సంతకం పెట్టారు. మిషన్ నడిచింది.

మొన్న ధర్మవరంలో అన్నీ ముగిశాక నేరుగా ఇంటికి పోబుద్ధి కాలేదు. హిందూపురం దాకా వెళ్లి ఆ కేంద్రం మెట్లెక్కాను. యజమానికి జుట్టంతా తెల్లబడింది. మా యంత్రం ఎప్పుడో పాతబడి, వేరేది వచ్చింది. వార్త చెబితే ఆయన కండువాతో కళ్లు తుడుచుకుని నన్ను లోపలి గదికి తీసుకెళ్లాడు.

గోడకు ఆ రెండో పట్టిక అద్దం కట్టి ఉంది.

"కొత్త మిషన్ అమ్మేదానికి ఎవరొచ్చినా ముందు ఈడికి పిలుచుకొస్తా. మీరూ ఇట్లా సంతకం పెట్టండప్పా అంటా. ఇంతవరకు ఎవరూ పెట్టలా" అన్నాడు.

దగ్గరికి వెళ్లి చూశాను. కాగితం అడుగున సంతకం కోసం గీసిన గీత ఖాళీగానే ఉంది. పలుచటి గూళ్ల వరసలో, తప్పు మిగిలిన ఆ లేత ఎరుపు గడిలో, గీతలు దాటకుండా చిన్న అక్షరాలతో మేడమ్ సంతకం ఉంది.