కత్తెరమ్మ జీతం చీటీ

ఆఫీసులో ఆమెను కత్తెరమ్మ అంటారు. ఎదురుగా అనరు లెండి, కానీ ఆమెకు తెలుసని అందరికీ తెలుసు. ఆ మందుల ఫ్యాక్టరీలో నాలుగు వందల మంది జీతాల్లోంచి నెలనెలా పన్ను కోసేది ఆమే మరి. బతిమాలినా బామాలినా ఆ కత్తెర ఆగదు.

అలాంటి మనిషి మొగుడు పద్దెనిమిదేళ్ళు చేసిన లిఫ్టు కంపెనీ ఉద్యోగం మానేసి, సొంతంగా రిపేరు కాంట్రాక్టులు పట్టాడు. మొదటి చెక్కు తెచ్చి, "చూశావా, ఎక్కడా కోత లేదు" అని మురిసిపోయాడు.

ఆమె చెక్కును అటూ ఇటూ తిప్పింది. "కోత లేకపోవడం కాదు మహానుభావా, కోసేవాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ నీ జీతంలోంచి కంపెనీయే కోసి కట్టేది. ఇక ఏడాదికి ఎంతొస్తుందో మనమే అంచనా వేసుకుని, మూడు నెలలకోసారి కట్టాలి. ఏడాది చివర చూద్దాంలే అనుకుంటే జరిమానా వేస్తారు."

మర్నాడే బ్యాంకులో వేరే ఖాతా తెరిపించింది. వచ్చిన ప్రతి చెక్కులో నాలుగో వంతు అందులో పడాలంది. అతను గొణిగాడు గానీ వేస్తూ వచ్చాడు.

మొదటి వాయిదాకు తొమ్మిది రోజులుందనగా పెద్ద పని తగిలింది. ఊరి చివర ఆరు భవనాల లిఫ్టులు చూసుకోవాలి. సొంత వ్యాను ఉన్నవాడికే ఇస్తామన్నారు. పాత వ్యాను ఒకటి అమ్మకానికి ఉంది, చేతిలో ఉన్నదానికి పన్ను ఖాతాలోది కలిపితే సరిపోతుంది.

అతను వంటింటి గుమ్మంలో నిలబడి నసిగాడు. "అందులోది తీద్దామా? ఈ పని పోతే మళ్ళీ పాత కంపెనీ మెట్లెక్కాల్సిందే."

పాత కంపెనీ అంటే ఏమిటో ఆమె చూసింది. సూపర్‌వైజరు చేత మాటలు పడొచ్చిన రోజున కంచంలో అన్నం కెలుకుతూ కూర్చునేవాడు. ఆ ముఖం మళ్ళీ చూడటం ఆమె వల్ల కాదు.

"రేపు చెప్తా" అంది.

మర్నాడు ఆఫీసులో, అందరికీ తాను పంచే ఫారం ఒకటి తనకే తీసుకుంది. వాళ్ళుండే దేశంలో మొగుడూ పెళ్ళాల పన్ను ఒకే లెక్కలోకి వస్తుంది, ఎవరి జీతంలో కోసినా చెల్లుతుంది. పైగా జీతంలో ఎప్పుడు కోసినా ఏడాది పొడుగునా కోసినట్టే లెక్క, కాబట్టి ఈ వాయిదా కట్టకపోయినా జరిమానా పడదు. ఆ కిటుకు ఆమెకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? నా జీతంలో అదనంగా కోయండి అని రాసి సంతకం పెట్టింది.

మేనేజరు కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇంత కోస్తే నీకేం మిగులుతుందమ్మా?"

"వ్యాను మిగులుతుంది సార్."

వ్యాను వచ్చింది, ఆరు భవనాలూ వచ్చాయి. నెలాఖరున ఆమెకు బక్కచిక్కిన జీతం వచ్చింది. ఇంటికొస్తే మొగుడు డబ్బులున్న కవరూ, దాంతోపాటు ఒక కాగితమూ చేతిలో పెట్టాడు. స్కేలుతో గళ్ళు గీసి, అచ్చం ఆమె ఆఫీసు జీతం చీటీలాగే తయారుచేశాడు. పేరు, కత్తెరమ్మ. హోదా, వ్యాను ఓనరు. జీతం, ఈ నెల ఆమెకు అదనంగా కోసినంత. కోతలు, ఏమీ లేవు. కింద సంతకం పక్కన గ్రీజు వేలిముద్ర.

ఆమె అలవాటు కొద్దీ ఎర్ర పెన్సిలు తీసి అంకెలు సరిచూసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో కోత లేని చీటీ ఆమె చేతికి రావడం ఇదే మొదలు. కళ్ళు తడిశాయి.

అతను బిక్కమొహం వేశాడు. "దీనిక్కూడా పన్నుందా ఏంటి?"

"లేదులే" అంది, చీటీ మడిచి పర్సులో పెట్టుకుంటూ. "ఇది నా మొగుడిచ్చింది."