సింహాచలం గారి కంటె పెద్ద డ్రైవు

మొన్న ఆదివారం నా చేతులతో నేనే సింహాచలం గారికి పట్టాభిషేకం చేశానంటే నమ్ముతారా? చేశాను. అదీ నా సొంత ల్యాప్‌టాప్‌తో!

మన గుడి హాలులో నడిచే తెలుగు బడికి శతక పద్యాల వ్యాఖ్య ఒకటి కావలసివచ్చింది. నేను తొమ్మిదేళ్లు తపస్సు చేసి ఒకటి రచించాను. తాకేటా పేటలో ఉండే సింహాచలం గారు రెండేళ్లలో ఒకటి రచించారు. ఏది పాఠ్యమో ఆదివారం సభలో తేలుస్తామన్నారు. ఆయన రెండేళ్లనైనా సహించేవాణ్ణి కాని, ఆయన ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ ఉంది! మీట నొక్కితే చాలు, అది రెప్పపాటులో మేల్కొంటుంది. నాది మేల్కొనేలోగా నేను పూజ ముగించి, టీ తాగి, కప్పు కూడా కడిగి పెట్టవచ్చు.

ఆ అసూయాగ్నితోనే కంప్యూటర్ల దుకాణానికి వెళ్లాను. యజమానురాలు డా ఖిన్ అనే బర్మా ఆవిడ, నెమ్మదస్తురాలు. మాస్టారునని నన్ను తమ భాషలో "సయా" అంటుంది.

"ఎస్‌ఎస్‌డీ తీసుకోండి, సయా. లోపల తిరిగే పళ్లెం ఉండదు. ఏ ఫైలైనా ఇట్టే తెరుచుకుంటుంది."

"ఎంత పడుతుంది?"

"రెండువందల యాభై ఆరు జీబీ."

సింహాచలం గారిదీ అంతే! ఆయనతో సమానుణ్ణి కావడానికా నేనింత దూరం వచ్చింది?

"అంతకంటె పెద్దది?"

"ఈ ధరకే హైబ్రిడ్ ఉంది, వెయ్యి జీబీ. పాత పద్ధతి పళ్లెమే, పక్కన కాస్త వేగమైన భాగం. కాని మీకున్నది ఒక్క పుస్తకం కదా?"

వెయ్యి! ఆ సంఖ్య విన్నాక ఆవిడ ప్రశ్న నా చెవికెక్కలేదు.

ఇక్కడొక రహస్యం చెప్పాలి. సింహాచలం గారు మర్యాదగా తన వ్యాఖ్య ప్రతిని ముందే నాకు ఫైలుగా ఇచ్చారు. ప్రతి ఉదయమూ దాన్ని తెరిచి దోషాలు వెతకడం నా నిత్యకృత్యం. ఆ వెయ్యి జీబీ డ్రైవు కొన్నాక కూడా మానలేదు. మా ఆవిడ పైడితల్లి ఒకనాడు అననే అంది: "ఏటండీ ఇది, లెగిస్తే ఆయన పుస్తకమే! పెళ్లైన కొత్తలో నా మొకం కూడా ఇన్నిసార్లు చూళ్లేదు మీరు."

సభ రోజు రానే వచ్చింది. ఇరవైమంది పెద్దలు, గోడమీద పెద్ద తెర. నా వ్యాఖ్యను తెరిచాను. తొమ్మిదేళ్ల శ్రమ, ఎన్నో తాటాకు ప్రతుల ఫొటోలు! తెరమీద చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది.

"మాస్టారూ, ఏటిది, ఇంకా లెగలేదా?" అన్నారు అధ్యక్షులు రామయ్య గారు.

"వస్తోందండీ, బృహద్గ్రంథం కదా!" అంటూ కంగారులో పక్క ఫైలు నొక్కాను. అది రెప్పపాటులో తెరుచుకుంది! శీర్షిక గోడంత అక్షరాలతో: "సింహాచలం గారి దోషాలు".

కింద ఆయన వ్యాఖ్య, పక్కన ఎర్రని అక్షరాలతో నా టిప్పణి. రామయ్య గారు కళ్లద్దాలు సవరించుకుని బిగ్గరగా చదివారు:

"'ఇది బాగున్నది.' 'అయ్యో, ఇదియు బాగున్నది.' 'ఈ అర్థము నాకేల తోచలేదు?' మరి దోషాలేవి మాస్టారూ?"

"వెతుకుతున్నానండీ," అన్నాను.

"మీరే ఇంతగా మెచ్చుకున్నాక మాకింక చర్చ ఏటి?" అని తేల్చేశారాయన. సింహాచలం గారు చెమర్చిన కళ్లతో వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. ఆ కౌగిలి ఎంత వేడిగా ఉందో నాకే తెలుసు.

మర్నాడు డా ఖిన్ మీద విరుచుకుపడ్డాను: "నా పుస్తకం నత్తలా, ఆయన పుస్తకం మెరుపులా! ఇదేం న్యాయం?"

"హైబ్రిడ్ అంతే, సయా. ఎక్కువసార్లు తెరిచేదాన్ని కనిపెట్టి వేగమైన భాగంలో ఉంచుకుంటుంది. ఇంతకీ రోజూ ఏది తెరుస్తారు మీరు?"

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టాను.

ఎస్‌ఎస్‌డీయే కొని ఉంటే నా వ్యాఖ్య కూడా ఇట్టే తెరుచుకునేది. అప్పుడు సభవారు దాన్ని చదివి మరీ సింహాచలం గారిని ఎన్నుకునేవారు!