సీసాకు వచ్చిన మైలేజీ

పొద్దున ఏడున్నరకు మా స్టీలు సామాను కొట్టు షట్టరు ఎత్తి, బిందెలు బయట పేర్చే వేళకు ఎదురుగా ఉన్న టీ హోటలుకు పాలు వస్తాయి. తెచ్చేది శావల్యాపురం అవతలి పల్లెలో ఉండే ఒక రైతు. నాకు చుట్టమేమీ కాదు, అయినా ఏళ్ల తరబడి బాబాయ్ అనే పిలుస్తున్నాను. ఆ వేసవిలో ఆయన బండి చప్పుడు సందు మొగదల వినిపించగానే నా చేతిలో బిందె ఆగిపోయేది. ఆ బండి అంతకుముందు నాది. ఆయనకు అమ్మింది నేనే. ఎలా అమ్మానో అప్పటికి నాకు తప్ప నరసరావుపేటలో ఎవరికీ పూర్తిగా తెలియదు.

మా తాత, నాన్న, మేనమామలు అందరూ కొట్లవాళ్లే. చిన్నప్పుడు మా అమ్మ "ఇంకో నాలుగు ముద్దలు" అని మొదలుపెడితే నేను రెండు దగ్గర తెంచేవాణ్ణి. డాక్టరు అయిదు రోజులు మాత్రలు మింగమంటే మూడు రోజులకు ఒప్పించి బయటికి వచ్చినవాణ్ణి. జ్వరం తిరగబెట్టింది, అది వేరే సంగతి.

ఆ బండి మీద ఎనిమిదేళ్లు గురజాల, మాచర్ల తిరిగి చిన్న కొట్లకు సామాను ఆర్డర్లు పట్టాను. పాత కార్బురేటరు బండి. ఇప్పుడొచ్చే వాటిల్లో ఇంజనుకు ఎంత పెట్రోలు పోవాలో కంప్యూటరే చూసుకుంటుంది. దానిలో మాత్రం పెట్రోలు చిమ్మే సన్న బెజ్జం జెట్టు, ఒక సూది, ఒక స్క్రూ ఉంటాయి. మనిషి వేలు పెట్టే సందు ఉంటుంది. సందు కనిపిస్తే వేలు పెట్టకుండా ఉండటం మా వంశంలో లేదు.

నేను స్కూటరు కొనుక్కుని పాతది అమ్మేస్తానని అనగానే బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టి మా కొట్లోకి వచ్చాడు.

"నాకియ్యి అబ్బాయ్. రంగూ గింగూ నాకెందుకు. రెండు క్యాన్లు కట్టుకుని రోజూ వచ్చి పోవాల. మైలేజీ ఎంతిస్తది?"

"డెబ్బై" అన్నాను. అసలు ఇచ్చేది యాభై అయిదు. నోరు జారలేదు. మా ఇంట్లో అంకె నోట్లోంచి జారదు, చూసి దింపుతాం.

"నోటితో అయితే నేను తొంభై చెప్తా. సీసా కట్టు."

మా వైపు పాత బండి కొనేవాడు మీటరునూ నమ్మడు, అమ్మేవాణ్ణీ నమ్మడు. ట్యాంకు గొట్టం పీకేసి, పావు లీటరు పెట్రోలు పోసిన ప్లాస్టిక్ సీసాను హ్యాండిలుకు వేలాడదీసి, సెలైను గొట్టంతో కార్బురేటరుకు కలుపుతారు. పెట్రోలు అయిపోయి బండి ఎక్కడ ఆగితే అక్కడికి లెక్క. సీసా తేల్చాక ఇక మాట మార్చకూడదు. అన్నదమ్ముల పొలం తగాదాలో పెద్దమనుషుల మాటైనా కాదంటారేమో గానీ సీసా మాట ఎవరూ కాదనరు.

మర్నాడే మా మెకానిక్కు సాయబు షెడ్డుకు పోయాను. ఎనిమిదేళ్లూ ఆ బండిని బతికించింది ఆయనే.

"మైలేజీ పెంచాలి భాయ్."

"పెంచొచ్చు. సూది ఒక గాడి దించుతా. జెట్టు చిన్నది ఏస్తా, పెట్రోలు సన్నగా పోద్ది. చెయిను లాగే ముందరి పళ్ల చక్రం ఒక పన్ను ఎక్కువ ఉన్నది పెడతా, ఇంజను నిదానంగా తిరిగినా బండి పోద్ది. చదును రోడ్డు, ఒంటి మనిషి అయితే బాగానే ఉంటది." స్పానరు ఆపి నా ముఖం చూశాడు. "కొనేది ఎవురు? బరువేస్తాడా?"

"టీచరు" అన్నాను. "టిఫిన్ డబ్బా తప్ప ఏముంటుంది ఆయన దగ్గర?"

"అయితే సరే. బరువేసేటోడైతే మాత్రం ఇట్టా చెయ్యకూడదు. పెట్రోలు మంటకే అనుకుంటారు అందరూ. లోపల చలవ చేసేది కూడా అదే. బాగా తగ్గించావంటే ఇంజనుకు రోజూ రోహిణీ కార్తే."

ఆ మాట విన్నాను. విని, విప్పిన పాత జెట్టు, పాత పళ్ల చక్రం వదిలిపెట్టకుండా కాగితంలో కట్టించుకుని వచ్చి గల్లాపెట్టె వెనక పడేశాను. ఎందుకైనా పనికొస్తాయని కాదు, నావి కాబట్టి.

సీసా రోజున తెల్లవారి చల్లగాలిలో నేనే తోలాను. బాబాయ్ తన పాత మోపెడ్ మీద వెనకాలే వచ్చాడు. నేను నలభై దాటనివ్వలేదు. పల్లం వచ్చినచోట యాక్సిలరేటరు వదిలేసి, ఊపిరి కూడా పొదుపుగా పీల్చాను. పద్దెనిమిది కిలోమీటర్లు పోయి ఆగింది. లీటరుకు డెబ్బై రెండు. బాబాయ్ సీసా విప్పి ఎండకు పట్టి చూశాడు, తలకిందులు చేశాడు. నేను మొదట చెప్పిన ధరలో ఒక్క రూపాయి తగ్గించమని అడగలేదు. ఆ మధ్యాహ్నం నేను అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాను.

రెండు వారాల తర్వాత ఆయన టీ హోటలు అరుగు మీద కూర్చుని టోపీతో విసురుకుంటున్నాడు.

"ట్యాంకుకి రావటంలా అబ్బాయ్, సీసాకి వచ్చింది. నలభై కూడా లేదు."

నేను పెంచిన మైలేజీ ఒంటి మనిషిది. పాలక్యాన్లు రెండూ ఎక్కితే ఆ పెద్ద పళ్ల చక్రంతో టాప్ గేరు లాగదు. మూడో గేరులో పెట్టి యాక్సిలరేటరు పిండాలి. అంటే పొదుపు కోసం నేను చేయించినదంతా ఆయన కింద ఎక్కువ తాగుతోంది. అదీ చాలీచాలకుండా తాగుతూ వేడెక్కుతోంది. సందులోకి వచ్చేటప్పుడు టప్, టప్ అని దగ్గేది.

"బంకోడు కొట్టేస్తన్నాడేమోనని రెండు బంకులు మార్చా" అన్నాడు బాబాయ్. తర్వాత గొంతు తగ్గించాడు. "బండిది కాదులే తప్పు. సీసా అబద్ధం చెప్తదా? నువ్వు తోలితే డెబ్బై రెండిచ్చింది. నా చెయ్యే బాగాలేదు. ఒకరోజు నా వెనకాల కూర్చుని చూడరాదూ, యాడ తప్పు తోలతన్నానో చెబుదువు."

"కొట్లో తీరిక లేదు బాబాయ్" అన్నాను. కొట్లో అప్పుడు ఒక్క మనిషి లేడు.

ఆయన నన్ను తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. తిట్లకు నా దగ్గర సరుకు ఉంది. తన చెయ్యి బాగాలేదని అనేసరికి నాకు కూర్చోబుద్ధి కాలేదు. షట్టరు ఎత్తటం, రోడ్డు వైపు చూడటం, లోపలికి పోవటం, మళ్లీ రావటం. ఒకావిడ అయిదు లీటర్ల కుక్కరు అడిగితే మూడు లీటర్లది కట్టి ఇచ్చాను. ఆవిడ మర్నాడు తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏమయ్యో, అమ్మేటప్పుడు చూసుకోవా?" అంది. నిజమే అనుకున్నాను.

ఎండలు ముదిరాయి. సాయబు షెడ్డు ముందు స్కూటరు ఆపి మాటల్లో అడిగాను. "భాయ్, ఆ టీచరు ఎప్పుడన్నా బరువేస్తే ఏమవుతుంది?"

"ప్లగ్గు విప్పి చూడమను. ఇటుక రంగులో ఉంటే భయం లేదు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పిస్టను పట్టేస్తది. వెనక చక్రం ఉన్నపళాన ఆగిపోద్ది. వెనకాల లారీ గీరీ ఉంటే..." అని మిగతాది చెప్పకుండా పని చూసుకున్నాడు.

మర్నాడు బాబాయ్ రాగానే ఎదురెళ్లాను. నిజం చెబుదామనే వెళ్లాను. మధ్యలో రోడ్డు దాటేలోపు నాలోని కొట్టువాడు ఇంకో దారి చూశాడు.

"బాబాయ్, బండి రెండు గంటలు ఇయ్యి. సర్వీసింగు చేయించి పెడతా. డబ్బులేం వద్దు."

ఆయన గ్లాసు దించాడు. హోటలువాడు కూడా నా వైపు తిరిగాడు.

"ఉత్తినే చేయిస్తావా? నువ్వా?"

"నేనే."

"ఒంట్లో బాగుందా అబ్బాయ్?"

హోటలువాడు పగలబడి నవ్వాడు. "ఇయ్యమాక పెదనాయనా. డెబ్బై రెండిచ్చిన సామాను అందులో ఉంది. అది పీక్కోటానికే."

"అదీ సంగతి" అని బాబాయ్ బండి తాళం జేబులో వేసుకున్నాడు. "నీతో ఒక బేరం చాల్లే నాయనా. రెండోది తట్టుకోలేను."

చెడగొట్టింది బాగు చెయ్యబోతే దొంగతనం అనుకున్నారు. అలా అనుకునేలా బతికింది నేనే కాబట్టి కోపం తెచ్చుకునే వీలు కూడా లేదు.

నాలుగు రోజుల తర్వాత ఏడున్నర అయింది, ఎనిమిది అయింది, ఆ చప్పుడు రాలేదు. హోటలువాడు ఖాళీ గిన్నె చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాడు. నేను గల్లాపెట్టె వెనక కాగితప్పొట్లం తీసుకుని స్కూటరు ఎక్కాను. షట్టరు దించానో లేదో కూడా గుర్తులేదు. శావల్యాపురం రోడ్డులో ఎదురొచ్చే ప్రతి లారీ ముందు బంపరు చూశాను. ఏం చూస్తున్నానో పైకి అనుకోలేదు.

సగం దూరంలో తుమ్మచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. మోచేయి గీరుకుపోయి కండువా చుట్టుకున్నాడు. బండి పక్కకు పడి ఉంది. రోడ్డు మీద చక్రం ఈడ్చుకుపోయిన నల్లటి చార. ఒక క్యాను మూత ఊడి పాలు మట్టిలో ఇంకుతున్నాయి, రెండోది నిండుగా ఉంది.

"ఉన్నట్టుండి పట్టేసింది అబ్బాయ్. నేనే ఏదో తప్పు నొక్కా."

"నువ్వేం నొక్కలేదు బాబాయ్." పొట్లం విప్పి ఆయన అరచేతిలో పెట్టాను. "దీని అసలు సామాను ఇది. సీసా కోసం మార్పించాను. బరువేస్తే ఇట్టా అవుతుందని మెకానిక్కు ముందే చెప్పాడు. నీ చేతిలో తప్పేం లేదు."

ఆయన గోరంత జెట్టును తిప్పి తిప్పి చూశాడు. నేను తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను.

"ఎండెక్కుతంది" అన్నాడు చివరికి. "ముందు ఆ పాలు పట్టు. విరిగిపోతయ్."

క్యాను నా స్కూటరు ముందర ఇరికించి, ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని వచ్చాను. టీ హోటలు దగ్గర దిగాక హోటలువాడికి వినపడేలా అన్నాడు. "నెల రోజులు నా చేతిని నేను తిట్టుకున్నా కదరా. నా ఇంటిది తోలటం రాదని దెప్పింది. నీకు తెలిసి కూడా కూకున్నావు."

బండి ట్రాలీ ఆటోలో షెడ్డుకు చేరింది. సాయబు ప్లగ్గు విప్పి, సున్నపు తెలుపు చూసి, ఆటోలో ఉన్న ఖాళీ పాలక్యాను చూసి, నా వైపు తిరిగాడు.

"టీచరు పాలు కూడా పోస్తన్నాడా?"

పిస్టను రాసుకుని ఇంజను లోపలి బోరు గీసుకుపోయింది. బాగయ్యేదాకా నా స్కూటరు బాబాయ్ దగ్గర ఉంది. ఖర్చు నాదేనని నేను అనబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఖర్చు నీదే, అది బేరం కాదు. బండి ధర సంగతి అడుగుతన్నా. మళ్లీ సీసా కడదాం. ఈసారి క్యాన్లు రెండూ ఏసి. తోలేది నువ్వే. ఎండలో."

పాత జెట్టు, పాత చక్రం ఎక్కాయి. పదకొండు గంటల ఎండలో నీళ్లు నింపిన రెండు క్యాన్ల మధ్య మోకాళ్లు ఇరికించుకుని తోలాను. పల్లంలో కూడా యాక్సిలరేటరు వదల్లేదు. బాబాయ్ స్కూటరు మీద పక్కనే వస్తూ నా చేతినే చూస్తున్నాడు. బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. పదకొండో కిలోమీటరు దాటుతుండగా కుదుపుతో ఆగింది. దిగి, "ఇంతే బాబాయ్" అన్నాను.

ఆయన వంగి సీసా వైపు చూశాడు. "గొట్టంలో ఇంకా ఉంది. ఊపు."

ఊపాను. కిక్కు కొడితే బండి లేచి ఇంకో వంద గజాలు పోయి ఆగింది.

"ఆ, అంతా లెక్కే" అన్నాడు. "నీ లాభం నువ్వెందుకు వదులుకుంటావు?"

ఆ దూరానికి తగ్గట్టు ధర తగ్గించి, ఎక్కువ తీసుకున్నది అక్కడే ఆయన చేతిలో పెట్టాను. ఎంతని ఆయన లెక్కపెట్టుకోలేదు, నేను పెట్టుకున్నాను. ట్యాంకు గొట్టం మళ్లీ కలపటానికి చేతులు జిడ్డయ్యాయి. ఆయన నా చేతిలోంచి హ్యాండిలు అందుకుని, క్యాన్లు సర్దుకుని, టాప్ గేరులో నిమ్మళంగా తోలుకుపోయాడు. స్కూటరు తాళం ఆయన జేబులోనే ఉండిపోయింది.

అది గుర్తొచ్చేసరికి ఆయన కనుమరుగయ్యాడు. సాయంత్రం తిరిగొస్తాడో, రేపు పొద్దున పాలతోనే వస్తాడో తెలియదు. స్కూటరు పక్కన నిలబడి, శావల్యాపురం వైపు నుంచి వచ్చే ప్రతి బండి చప్పుడూ వింటూ ఉన్నాను.